నైట్ డ్యూటీ దాకా చేరిన శిక్షణ: నా అనుభవం

పెద్దవాళ్ళని చూసుకునే దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రంలో నర్సు ఒంటరిగా తీసుకోవాల్సిన నిర్ణయాలు ఎక్కువ. ఆసుపత్రి వార్డులో అయితే డాక్టర్లు రౌండ్స్‌కి వస్తారు, ల్యాబ్ అదే బిల్డింగ్‌లో ఉంటుంది, అనుమానం వస్తే అడగడానికి సీనియర్లు ఉంటారు. ఇక్కడ రాత్రిపూట ఉండేది ఒక నర్సు, కొద్దిమంది సహాయకులు. ఎనభై దాటిన పెద్దావిడ నిన్నటికంటే కాస్త మందకొడిగా ఉంటే గమనించాల్సిందీ వాళ్ళే, డాక్టరుకి ఫోన్ చెయ్యాలా వద్దా అని తేల్చుకోవాల్సిందీ వాళ్ళే. పైగా ఆ వయసులో జబ్బు పుస్తకంలో రాసినట్టు రాదు. న్యుమోనియా ఉన్నా జ్వరం పెద్దగా ఉండకపోవచ్చు. తిండి మానెయ్యడం, ఉన్నట్టుండి కిందపడటం, అయోమయంగా మాట్లాడటం, ఇవే మొదటి లక్షణాలు కావచ్చు.

నేను ఆసుపత్రి ఉద్యోగం నుంచి ఇటు వచ్చాను. వచ్చిన కొన్నాళ్ళకే సిబ్బంది శిక్షణ బాధ్యత నా మీద పడింది. ఒక లావుపాటి ఫైలు చేతిలో పెట్టి "ఇకమీదట ఇది మీరు చూసుకోండి సిస్టర్" అన్నారు, అంతే. తెరిచి చూస్తే హాజరు పట్టికలు, సర్టిఫికెట్ల జిరాక్సులు. ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో అందులో ఉంది. ఎవరికి ఏ పని చేతనవునో మాత్రం ఎక్కడా లేదు. సంతకాల్లో నైట్ డ్యూటీ వాళ్ళ పేర్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

గంటల లెక్క అనవసరమని నేను అనను. చాలా దేశాల్లో నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఇన్ని గంటల నిరంతర విద్య ఉండాలన్న నియమం ఉంది. అమెరికాలో నర్సింగ్ హోమ్ (అక్కడ ఇలాంటి సంరక్షణ కేంద్రాన్నే అలా అంటారు) సహాయకులకి ఏడాదికి 12 గంటలకి తగ్గకుండా శిక్షణ ఇవ్వాలి, అందులో డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) సంరక్షణ, వృద్ధుల మీద దౌర్జన్యం జరగకుండా చూడటం తప్పనిసరిగా ఉండాలి. ఇలాంటి నియమం లేకపోతే చాలా సంస్థలు ఆ మాత్రం కూడా చెయ్యవు. కానీ ఆ 12 గంటలూ ఒకే హాల్లో రెండు రోజుల్లో ముగించి, స్లైడ్లు చూపించి, సంతకాలు తీసుకుంటే కాగితం మీద నియమం నెరవేరుతుంది. పడక దగ్గర ఏమీ మారదు.

మొదట ఏం నేర్పాలో తెలుసుకోవాలి కదా. ప్రశ్నాపత్రం పంచితే అందరూ అన్నిటికీ 'అవసరం' అనే టిక్కు పెడతారని నాకు తెలుసు. అందుకని ఒక్కొక్కరినీ పని మధ్యలో పక్కకి పిలిచి ఒకటే అడిగాను: "నీకు ఏ పని చేసేటప్పుడు భయం వేస్తుంది?" తినిపించేటప్పుడు పొలమారుతుందని చాలామంది అన్నారు. స్నానం చేయించేటప్పుడు కొడతారని కొందరు. "డాక్టరుకి ఫోన్ చేస్తే 'ఇంత చిన్నదానికి చేశావా' అని విసుక్కుంటారేమో మేడమ్" అని ఒక నైట్ నర్సు. పడక పుండ్ల గురించి ఒక్కరూ అనలేదు. అందరికీ తెలుసనుకునే విషయం అది. ప్రమాదాల రిజిస్టరు, ఆసుపత్రికి పంపిన కేసుల పుస్తకం తీసి చూస్తే కథ ఇంకోలా ఉంది: కొత్త పుండ్లు, కిందపడటాలు, ఆలస్యంగా పంపిన కేసులు. వాళ్ళు చెప్పిన భయాలనీ రిజిస్టరు చెప్పిన విషయాలనీ పక్కపక్కన పెట్టుకుని నా జాబితా రాసుకున్నాను.

తర్వాత మెటీరియల్ వేట. నేనే అన్నీ తయారుచేసుకోవాలేమో అనుకున్నాను గానీ ఆ అవసరమే రాలేదు. ఉచితంగా దొరికేవి, నమ్మదగినవి చాలానే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఏహెచ్‌ఆర్‌క్యూ దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల కోసమే మూడు మాడ్యూళ్ళు పెట్టింది: మనిషిలో వచ్చిన మార్పుని పసిగట్టడం, ఆ మార్పుని సరిగ్గా చెప్పడం, కిందపడకుండా చూడటం. నేర్పేవాళ్ళకి గైడు, నేర్చుకునేవాళ్ళకి వర్క్‌బుక్ కూడా ఉన్నాయి. ఇన్ఫెక్షన్లు చూసుకునే నర్సు కోసం అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తయారుచేసిన నర్సింగ్ హోమ్ కోర్సు ఉంది. సుమారు 20 గంటలు పడుతుంది, అందరికీ అవసరం లేదు, ఒకరు చేస్తే చాలు. డిమెన్షియాకి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ కోర్సు ఉచితం. మెదడులో ఏం జరుగుతోందో అందులో బాగా చెబుతారు. నేను రాత్రిళ్ళు కూర్చుని పూర్తి చేశాను, దాని వల్ల నాకే ఎక్కువ లాభం కలిగింది. చేతుల శుభ్రతకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 'ఐదు సందర్భాలు' ఉండనే ఉన్నాయి. పుండ్ల విషయానికి అంతర్జాతీయ మార్గదర్శకాల సంక్షిప్త ప్రతి ఒక్కటి దగ్గర పెట్టుకుంటే చాలు.

ఇబ్బంది ఏమిటంటే ఇవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. పొడుగ్గా ఉంటాయి. నర్సులకి ఫరవాలేదు. మనిషిని రోజంతా ముట్టుకుని, తినిపించి, బట్టలు మార్చే సహాయకులకి ఇవి అందవు. ఆన్‌లైన్ మాడ్యూళ్ళతో ఇంకో చిక్కు కూడా ఉంది. 'నెక్స్ట్' నొక్కుతూ పోతే చివరికి క్విజ్ వస్తుంది, జవాబులు అప్పటికే వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాళ్ళని తప్పుపట్టలేం. పన్నెండు గంటల డ్యూటీ చేసి ఇంటికెళ్ళి ఎవరు చూస్తారు?

అందుకని ప్రతి మాడ్యూల్లోంచి చేతితో చేసి చూపించగలిగేది ఒక్కటి బయటికి తీశాను. షిఫ్టు మారే సమయంలో పదిహేను నిమిషాలు, నిలబడే, పడక దగ్గరే. ఒక వారం ఒకటే విషయం. అదే విషయం నెల తర్వాత మళ్ళీ, ఇంకో రెండు నెలలకి మళ్ళీ. నేర్చుకున్నది తిరిగి తలుచుకోకపోతే ఎంత వేగంగా చెరిగిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. ఏడాదికోసారి పెట్టే పెద్ద సెమినార్‌లో ఉన్న లోపం అదే. నైట్ షిఫ్టు వాళ్ళని పగలు రమ్మనలేదు, నేనే రాత్రి వెళ్ళాను. అడపాదడపా నైట్ డ్యూటీ నా పేరు మీద వేయించుకున్నాను. పనిలో ఉన్న మనిషి పక్కన నిలబడి చెప్పిన మాటకి ఉండే బలం హాల్లో మైకు పట్టుకుని చెప్పినదానికి ఉండదు.

పడక పుండ్లతోనే మొదలుపెట్టాను. పుండు వచ్చే ప్రమాదం ఎంతుందో చూసే బ్రేడెన్ స్కేల్ అందరూ నింపుతున్నారు. స్పర్శ తెలియడం, చర్మం తడి, నడక, మంచంలో కదలిక, తిండి, ఒరిపిడి అనే ఆరు అంశాలకి మార్కులు వేసి కూడాలి. మొత్తం 6 నుంచి 23 మధ్య వస్తుంది, ఎంత తక్కువైతే అంత ప్రమాదం. స్కోరు 13 అని రాసి ఫైలు మూసేస్తున్నారు, పని అక్కడితో అయిపోతోంది. నేను అడిగింది మొత్తం కాదు, ఏ అంశంలో మార్కులు పోయాయి అని. తడి దగ్గర పోతే డైపర్ మార్చే వేళలు చూడాలి, తిండి దగ్గర పోతే ప్లేటులో ఎంత మిగులుతోందో చూడాలి, ఒరిపిడి దగ్గర పోతే మంచం మీద పైకి ఎలా లాగుతున్నామో చూడాలి. ఒకే 13కి ముగ్గురు మనుషుల్లో మూడు వేరే పనులు ఉంటాయి.

అసలు చిక్కు మొదటి దశని గుర్తుపట్టడంలో వచ్చింది. పుస్తకాల్లో ఏముంటుంది? చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కి తీస్తే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటుంది, అది మొదటి దశ. నేను చూసిన ఫొటోలు దాదాపు అన్నీ తెల్లటి ఒంటివే. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. నొక్కితే తెల్లబడటమూ తెలియదు. అంటే ఫొటో చూసి నేర్చుకున్నవాళ్ళు పుండు తెరుచుకునేదాకా 'ఏమీ లేదు' అనే రాస్తారు. అందుకే ఎరుపు కోసం వెతకడం పక్కనపెట్టి వేళ్ళతో తెలుసుకోవడం నేర్పాను. తుంటి ఎముక, నడుం కింద, మడమ తడిమి చూడాలి. చుట్టుపక్కల చర్మంకంటే అక్కడ వేడిగా గానీ చల్లగా గానీ ఉందా? గట్టిగా ఉందా, మెత్తగా ఉబ్బినట్టు ఉందా? ముట్టుకుంటే ఆ మనిషి ముఖం చిట్లిస్తున్నారా? రంగు మిగతా చోటుకంటే ముదురుగా, ఊదాగా ఉందా? ఇందుకు నిమిషం కూడా పట్టదు. ఒళ్ళు తుడిచేటప్పుడే అయిపోతుంది. ఎలాగూ ముట్టుకుంటున్నదీ సహాయకులే కాబట్టి, రిపోర్టు చేసే హక్కు కూడా వాళ్ళకే ఇచ్చాం. వాళ్ళు సొంతంగా రాయగలిగేలా ఒంటి బొమ్మ ముద్రించిన కాగితం పెట్టాం. అనుమానం ఉన్నచోట సున్నా చుట్టి నర్సుకి ఇస్తారు.

దీనితోపాటు పాత అలవాట్లు కొన్ని మాన్పించాల్సి వచ్చింది. ఎర్రబడ్డ ఎముక మీద నూనె పెట్టి మర్దన చెయ్యడం మంచిదని చాలామందికి నమ్మకం. అప్పటికే దెబ్బతిన్న కణజాలం దాంతో ఇంకా చెడుతుంది. నడుం కింద రింగు ఆకారపు కుషన్ పెట్టడం కూడా అంతే, ఆ రింగు అంచు చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. పక్కకి తిప్పేటప్పుడు పూర్తిగా 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీదికి వస్తుంది, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వంచితే చాలు. మడమలు పరుపుకి తగలకుండా కాళ్ళ పిక్కల కింద దిండు ఉండాలి. ఇవన్నీ మాటల్లో చెబితే అందరూ తలాడిస్తారు. నేను ఒక పనిచేశాను: సహాయకుల్ని మంచం మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, హ్యాండోవర్ (షిఫ్టు అప్పగింత) అయ్యేదాకా వదిలేశాను. "అక్కా, ఇంక నావల్ల కాదు, మడమ మండుతోంది" అని ఒకమ్మాయి లేచి కూర్చుంది. ఆమెకి దిండు ఎక్కడ పెట్టాలో మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

తినిపించడం దగ్గర పని త్వరగా అయిపోయింది. సరిగ్గా మింగలేని వాళ్ళకి ద్రవం చిక్కగా కలపమని డాక్టరు రాస్తారు, కలిపే మనిషిని బట్టి చిక్కదనం మారుతుంది. అంతర్జాతీయంగా వాడే ఐడీడీఎస్‌ఐ పద్ధతిలో 0 నుంచి 7 దాకా స్థాయిలు ఉన్నాయి. పది మిల్లీలీటర్ల సిరంజిలో ద్రవం నింపి, పది సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూస్తే స్థాయి తెలిసిపోతుంది. నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు మిగిలితే స్థాయి 2. ప్రతి సిరంజీ దీనికి పనికిరాదు, సున్నా నుంచి పది గీతల మధ్య పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలుతో కొలిచి సరైన సిరంజి వంటగదిలో ఒకటి పెట్టించాం. అందరికీ సరదాగా అనిపించిన పాఠం ఇదొక్కటే. కూర్చోబెట్టి తినిపించడం, తిన్నాక వెంటనే పడుకోబెట్టకపోవడం మామూలే, అవి అందరికీ వచ్చు.

స్నానం దగ్గర కొట్టే సమస్య మాత్రం చాలాకాలం పట్టింది. డిమెన్షియా ముదిరినవాళ్ళు నొప్పి ఉందని నోటితో చెప్పలేరు. వాళ్ళని చూసి నొప్పిని పసిగట్టే పెయినాడ్ అనే స్కేల్ 2003 నుంచి వాడుకలో ఉంది: ఊపిరి, నోటినుంచి వచ్చే శబ్దాలు, ముఖం, ఒళ్ళు బిగుసుకోవడం, ఓదారిస్తే తగ్గుతుందా లేదా. ఐదింటికీ సున్నా నుంచి రెండు మార్కులు. నేర్చుకోవడానికి అరగంట చాలు. అలవాటు కావడానికే నెలలు పట్టింది, ఎందుకంటే సిబ్బంది మనసులో ముందే ఒక తీర్పు ఉంది: ఆయనకి మొండితనం, ఆవిడకి కోపం. ఒక పెద్దాయన విషయంలో స్నానానికి ముందు, మధ్యలో, తర్వాత మార్కులు వేయించాను. చెయ్యి పైకి ఎత్తినప్పుడల్లా స్కోరు పెరిగింది. భుజం పట్టేసి ఉంది. డాక్టరు స్నానానికి ముందు నొప్పి మాత్ర రాశారు. చొక్కా తొడిగే పద్ధతి మేం మార్చుకున్నాం, నొప్పి ఉన్న చెయ్యి ముందు. కొట్టడం పూర్తిగా ఆగిందని చెప్పను, బాగా తగ్గింది. ఇది మా ఒక్కరి అనుభవమే కాదు. 2011లో నార్వే నర్సింగ్ హోమ్‌లలో జరిగిన అధ్యయనంలో డిమెన్షియా ఉన్నవాళ్ళకి నొప్పిని మెట్టుమెట్టుగా చికిత్స చేస్తే ఉద్రేకం తగ్గిందని తేలింది. ఎక్కువమందికి మొదలుపెట్టింది మామూలు పారాసెటమాల్‌తోనే. నిద్రమత్తు మందులు అడిగే ముందు నొప్పి చూశారా అని ఇప్పుడు మా నర్సులే ఒకరినొకరు అడుగుతారు.

డాక్టరుకి ఫోన్ చేసే భయం గురించి. దీనికి ఎస్‌బార్ అనే పద్ధతి నేర్పాను. అమెరికా నౌకాదళం నుంచి ఆసుపత్రులకి వచ్చిన పద్ధతి ఇది: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథ ఏమిటి, నేనేం అనుకుంటున్నాను, మీరేం చెయ్యాలి. మొదటి రెండూ అందరూ చెబుతారు. మూడోది దగ్గర గొంతు తగ్గిపోతుంది, నాలుగోది అసలు రాదు. "మీరు వచ్చి చూడాలి సార్" అని డాక్టరుతో అనడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు లేని పని. అందుకని నేను డాక్టరు వేషం వేసి, ఇంకో గదిలోంచి ఫోన్ ఎత్తి, కావాలనే విసుక్కున్నాను. నవ్వులు, కాస్త టెన్షన్. కొందరు ఫోన్ పెట్టేశారు కూడా. మళ్ళీ చేయించాను. ఫోన్ పక్కనే నాలుగు గళ్ళ కాగితం ఉంటుంది, నింపాకే నంబరు నొక్కాలి.

ఫోన్ చెయ్యాల్సిన మార్పు ఏది అన్నది ఇంకో పాఠం. డెలిరియం (ఉన్నట్టుండి వచ్చే అయోమయం) అంటే అరుపులు, సెలైన్ గొట్టాలు పీకెయ్యడం అనుకుంటారు. నిశ్శబ్దంగా మగతలోకి జారిపోయే రకం కూడా ఉంది, అదే ఎక్కువగా తప్పిపోతుంది. 'ఇవాళ గొడవ చెయ్యకుండా పడుకున్నారు' అని హ్యాండోవర్‌లో సంతోషంగా రాసే వాక్యం వెనక ఒక్కోసారి ఇది ఉంటుంది. 1990లో అమెరికా డాక్టరు షారన్ ఇనోయే బృందం తయారుచేసిన క్యామ్ పరీక్షలో చూసేవి నాలుగు: మార్పు ఉన్నట్టుండి వచ్చి హెచ్చుతగ్గులుగా ఉందా, ధ్యాస నిలవకుండా ఉందా, మాట పొంతన లేకుండా ఉందా, మెలకువ స్థాయి మారిందా. మొదటి రెండూ ఉండి, మిగతా రెంటిలో ఒక్కటైనా ఉంటే డెలిరియం అని అనుమానించాలి. వారాల పేర్లు వెనకనుంచి చెప్పమంటే ధ్యాస సంగతి తెలుస్తుంది. అయితే ఆ మనిషి నిన్న ఎలా ఉన్నారో తెలిసినవాళ్ళు ఉంటేనే ఇదంతా పనికొస్తుంది. రోజూ అదే గదికి అదే సహాయకురాలిని వెయ్యమని నేను పట్టుబట్టింది అందుకే.

దీని పక్కనే మూత్రం సంగతి. మూత్రం వాసన వస్తోందనో, మసకగా ఉందనో పరీక్షకి పంపడం, బాక్టీరియా కనిపించగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం చాలాచోట్ల అలవాటు. దీర్ఘకాలిక కేంద్రాల్లో ఉండే పెద్దవాళ్ళలో ఏ లక్షణమూ లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉండటం మామూలు విషయం, దానికి మందు అక్కర్లేదు. మంట, కొత్తగా అదుపు తప్పడం, జ్వరం, నడుం పక్కన నొప్పి లాంటివి ఉన్నాయా అని ముందు చూడాలి. ఈ పాఠం నర్సులకంటే ఇంటివాళ్ళకి చెప్పడం కష్టమైంది. "మందు ఇవ్వకుండా చూస్తూ ఊరుకుంటారా?" అని నిలదీస్తారు. నీళ్ళు ఎంత తాగిస్తున్నాం, ఏం గమనిస్తున్నాం అన్నది రాసి చూపిస్తే కొంత శాంతిస్తారు.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది? అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణని కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, వచ్చిందా, పనిలో చేస్తున్నారా, ఫలితం మారిందా. మన ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగుతాయి. నేను రాతపరీక్ష ఎత్తేసి, చేసి చూపించమన్నాను. దిండు పెట్టి చూపించు, సిరంజి పరీక్ష చేసి చూపించు, ఫోన్‌లో మాట్లాడి చూపించు. వచ్చినవాళ్ళ పేరు పక్కన తేదీ, చూసినవాళ్ళ సంతకం. రానివాళ్ళకి వచ్చే వారం మళ్ళీ. చదువు తక్కువని వెనక కూర్చునే కొందరు సహాయకులు ఇందులో నర్సులకంటే ముందున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు కొత్తవాళ్ళకి నేర్పుతున్నారు.

యాజమాన్యంతో వాదన ఒక్కటే విషయం మీద నడిచింది. శిక్షణ సమయం డ్యూటీ సమయంలో భాగమా కాదా? నా పట్టు ఒకటే: జీతం లేని గంటలో పెడితే ఎవరూ రారు, వచ్చినా వినరు. పదిహేను నిమిషాలు షిఫ్టులో కలిపారు. ఆ కాస్త సమయంలో పడకల దగ్గరి కాలింగ్ బెల్లులు మోగితే చూసుకోవడానికి ఒకరిని విడిగా పెట్టడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, సగం పాఠాలు మధ్యలోనే తెగుతున్నాయి. అనుభవం వచ్చినవాళ్ళు మానేసి వెళ్ళిపోవడం ఇంకో తలనొప్పి. బాగా నేర్చుకున్న నైట్ నర్సు ఒకామె ఈమధ్యే ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

ఈ నెల నోటి శుభ్రత మొదలుపెట్టాం. కట్టుడు పళ్ళు రాత్రి తీసి కడగడం, పళ్ళు లేనివాళ్ళకి కూడా చిగుళ్ళు, నాలుక తుడవడం. నోట్లో పేరుకున్న సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుందని చెప్పగానే మొదటి ప్రశ్న నైట్ షిఫ్టు నుంచే వచ్చింది: "పళ్ళు తియ్యనివ్వకుండా కొరికేవాళ్ళకి ఎలా మేడమ్?" దానికి ముందు పెయినాడ్ వేసి చూడమన్నాను, చిగుళ్ళ నొప్పి ఉందేమో. మిగతాది వచ్చే గురువారం నైట్ డ్యూటీలో పడక దగ్గరే చూస్తాం.